పథ్యం తప్పింది ఎవరు?

డయాలసిస్ మీద ఉన్న మనిషి ఆయాసంతో ఆసుపత్రిలో పడితే మొదట వినిపించే మాట "చెప్పిన మాట వినడండీ" అన్నది. నీళ్లు తాగొద్దంటే తాగాడు, ఉప్పు తగ్గించమంటే తగ్గించలేదు, రమ్మన్న రోజు రాలేదు. మనిషి పోయాక కూడా అదే తీర్పు: పథ్యం తప్పాడు, ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. చీరాల పేరాల నుంచి బాపట్ల, రేపల్లె, తెనాలి దాకా ఏ ఊళ్లో అడిగినా ఈ తీర్పు మారదు. వైద్యులు కాస్త మర్యాదగా 'సహకరించని రోగి' అంటారు, చుట్టాలు మొండితనం అంటారు, ఇరుగుపొరుగు ఖర్మ అంటారు. అందరి మాటల్లోనూ సారం ఒకటే. లోపం రోగి మనసులో ఉంది, మనసు గట్టి చేసుకుని జబ్బుతో సర్దుకుపోతే అంతా సవ్యంగా ఉండేది. ఈ అభిప్రాయం తప్పని నా వాదన. దానివల్ల హాని కూడా జరుగుతోంది. కారణం రోగి గుణంలో ఉందని ఒకసారి నిర్ణయించుకున్నాక, వెతకాల్సిన మిగతా చోట్ల ఇక ఎవరూ వెతకరు.

ఒప్పుకోవలసింది ముందే ఒప్పుకుంటాను. డయాలసిస్ మానడం చిన్న విషయం కాదు. అమెరికా, యూరప్, జపాన్ దేశాల డయాలసిస్ కేంద్రాలను కలిపి పరిశీలించిన డాప్స్ అధ్యయనం 2003లో చెప్పిన లెక్క ప్రకారం, నెలలో ఒక్కసారైనా డయాలసిస్ ఎగ్గొట్టినవారికి చావు ముప్పు మిగతావారికన్నా 30 శాతం ఎక్కువ. రక్తంలో పొటాషియం పేరుకుంటే గుండె చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. ఒంట్లో నిలిచిన నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. కాబట్టి నియమం సడలించమని గానీ, ఒకరోజు మానితే ఏమవుతుందిలే అని గానీ నేననడం లేదు. అయితే అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది, దాన్ని మనవాళ్లు తలచరు. డయాలసిస్ ఎగ్గొట్టేవారు అమెరికాలో 7.9 శాతం ఉంటే, జపాన్‌లో, యూరప్‌లో 0.6 శాతమే. పదమూడు రెట్ల తేడా. అమెరికా రోగి మనసు జపాన్ రోగి మనసుకన్నా పదమూడు రెట్లు బలహీనమైనదని ఎవరైనా నమ్మగలరా? కేంద్రం పెద్దదవుతున్నకొద్దీ ఎగ్గొట్టడం పెరిగిందనీ, ఆహార నిపుణులున్న కేంద్రాల్లో రోగుల ఒంట్లో నీరు మితిమీరి చేరడం తగ్గిందనీ కూడా అందులోనే తేలింది. రోగి గుణాన్ని కొలుస్తున్నామనుకుని మనం కొలుస్తున్నది అతని చుట్టూ ఉన్న ఏర్పాట్లను.

పథ్యం అన్నది తెలుగువారికి కొత్త మాట కాదు. పచ్చకామెర్లకు పథ్యం ఉంది, బాలింతకు పథ్యం ఉంది, నాటు మందు వాడితే పథ్యం ఉంది. వీటన్నిటికీ గడువు ఉంది. వారమో, నలభై రోజులో గడిస్తే పథ్యం విడిచే రోజు వస్తుంది, ఆ రోజు ఇంట్లో కూర కమ్మగా వండుతారు. "ఇంకో పది రోజులు ఓర్చుకో" అన్న మాట మీదే మన ఇళ్లలో పథ్యం నిలబడుతూ వచ్చింది. డయాలసిస్ పథ్యానికి విడిచే రోజు లేదు. మూత్రపిండం మార్పిడి జరిగితే తప్ప అది ఆఖరి ముద్ద దాకా ఉంటుంది. వారంలో 168 గంటలూ పనిచేయాల్సిన మూత్రపిండాల బదులు యంత్రం మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున 12 గంటలు పనిచేస్తుంది. మన దేశంలో చాలామందికి వారానికి రెండుసార్లే, అంటే ఎనిమిది గంటలే. మిగిలిన గంటల బరువంతా రోగి నోటి మీద పడుతుంది. అతను నీళ్లు కొలిచి తాగాలి. అరటిపండు, కొబ్బరినీళ్లు, టమాటా చూసి ఆగాలి. కూరగాయలు ఉడికించి ఆ నీళ్లు పారబోసుకుని తినాలి. డయాలసిస్‌లో కొంత మేర మాంసకృత్తులు పోతాయి కాబట్టి వాటిని మాత్రం తగ్గించకూడదు. దాని మీద మాత్రలు. 233 మంది డయాలసిస్ రోగులను పరిశీలించి 2009లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో సగం మంది రోజుకు 19 మాత్రలో అంతకన్నా ఎక్కువో మింగవలసి వచ్చింది. మనలో ఆరోగ్యవంతులు జ్వరానికి రాసిచ్చిన ఐదురోజుల మందును మూడో రోజుకే ఆపేస్తారు. దీర్ఘవ్యాధుల్లో చికిత్సను సరిగ్గా పాటించేవారు సంపన్న దేశాల్లో సైతం సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నివేదికలో రాసింది. అంత సాధారణమైన విషయాన్ని డయాలసిస్ రోగి దగ్గరికి వచ్చేసరికి గుణదోషంగా చూడటం న్యాయం కాదు.

అన్నిటికన్నా ఎక్కువ నింద దాహం విషయంలో పడుతుంది కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగాలి. రోజూ వచ్చే మూత్రం కొలతకు అరలీటరు కలిపి అంతే తాగమని చెబుతారు. మూత్రం పూర్తిగా ఆగిపోయిన మనిషికి అది రెండు గ్లాసులు. రోహిణి కార్తెలో సముద్రం పక్కన, గాలిలో తేమకు చెమట ఆరని పేరాలలో రెండు గ్లాసులు. తాగాడంటే నిగ్రహం లేదంటారు. దాహం ఇష్టాయిష్టాలతో పుట్టదు. రక్తంలో సోడియం చిక్కబడితే మెదడు నీళ్లు అడిగి తీరుతుంది, ఏ ఉపదేశమూ దాన్ని ఆపలేదు. సుమారు ఎనిమిది గ్రాముల ఉప్పు ఒంట్లోకి వెళితే దానికి జతగా ఒక లీటరు నీరు ఒంట్లో నిలవాల్సిందే. మన దేశంలో మనిషి రోజూ తినే ఉప్పు ఆ ఎనిమిది గ్రాములకు తగ్గదని సర్వేలు చెబుతున్నాయి. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఊరమిరపకాయ, అప్పడం, ఎండుచేపల పులుసు ఉన్న కంచంలో అది ఎంతకు చేరుతుందో ఊహించవచ్చు. ఉప్పు సంగతి పట్టించుకోకుండా నీళ్లు తగ్గించుకోమని రోగికి చెప్పడానికి శాస్త్ర ఆధారం లేదనీ, అది కాలయాపన అనీ ఇంగ్లండుకు చెందిన మూత్రపిండ వైద్యుడు చార్లీ టామ్సన్ 2001లోనే ఒక వైద్య పత్రికలో శీర్షికగా పెట్టి మరీ రాశాడు. రెండు దశాబ్దాలు దాటినా మన కేంద్రాల్లో మొదటి ప్రశ్న "ఎన్ని నీళ్లు తాగావు?" అనే ఉంటోంది. ఉప్పు ఎంత, పచ్చడి ఏది, వంట ఎవరు చేస్తారు అని అడిగే మనిషి చాలాచోట్ల లేరు. ఇంకో సంగతి రోగికి తెలియనే తెలియదు. యంత్రంలో వాడే ద్రావణంలో సోడియం ఎక్కువగా పెడితే బీపీ పడిపోకుండా నాలుగు గంటలూ గడుస్తాయి గానీ, మనిషి ఇంటికి దాహంతో వెళతాడు. తగ్గిస్తే దాహం తగ్గుతుంది, బీపీ పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఏది ఎంత పెట్టాలన్నది వైద్యుని నిర్ణయం, అది కష్టమైన నిర్ణయమే. కానీ ఆ దాహంలో కొంత యంత్రం ఇచ్చిందై ఉండవచ్చని తెలిసినవారు రోగిని ఆశపోతు అనకూడదు. మధుమేహంతో కిడ్నీలు పోయినవారికి చక్కెర పెరిగినప్పుడల్లా వచ్చే దాహం దీనికి అదనం.

వంట సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. పథ్యం పాటించడంలో మగవాళ్లను, ఆడవాళ్లను ఒకే కొలబద్దతో చూస్తారు. మగవాడు రోగి అయితే అతనికి వేరే గిన్నెలో చప్పిడి కూర వండిపెట్టే మనిషి ఇంట్లో ఉంటుంది. ఆడమనిషి రోగి అయితే ఇంటిల్లిపాదికీ ఉప్పూ కారం వేసి వండి, రుచి చూసి, వడ్డించి, ఆఖర్న తనకోసం మళ్లీ పొయ్యి వెలిగించాలి. డయాలసిస్ నుంచి వచ్చిన రోజు ఆ రెండో వంటకు ఓపిక ఉండదు. ఉన్నదే తింటుంది. మళ్లీ డయాలసిస్‌కు వెళ్లినప్పుడు, నీరు చేరి బరువు పెరిగిందని చీవాట్లు తింటుంది.

ఇక రాకపోవడం సంగతి. చీరాల, పేరాల మగ్గాల ఊళ్లు. గుంటమగ్గం మీద పనికి నెల జీతం ఉండదు, చీర దిగితే కూలి వస్తుంది. వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు పోతే ఆ మూడు రోజులే పోతాయని బయటివాళ్లు అనుకుంటారు. డాప్స్ పరిశోధకులే 2014లో అచ్చువేసిన అధ్యయనంలో డయాలసిస్ తర్వాత మామూలు మనిషి కావడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే, నాలుగో వంతుకు పైగా రోగులు ఆరు గంటలకు మించి పడుతుందన్నారు. అంటే ఆ పూటా పోయింది, రాత్రీ పోయింది. డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉన్న చేత్తో బరువు ఎత్తకూడదు, ఆ చేతిని ఒత్తిడికి గురిచేయకూడదు. రెండు చేతులూ, రెండు కాళ్లూ ఆడితే గానీ సాగని పని నేతపని. గుంటూరు పెద్దాసుపత్రిలో చేయించుకునే పేరాల మనిషికి ఒకవైపే 60 కిలోమీటర్ల పైచిలుకు దారి. రేపల్లె నుంచి తెనాలికి 30 కిలోమీటర్లు దాటుతుంది. పక్కన ఒక మనిషి తోడు వెళ్లాలి, ఆ మనిషి కూలీ పోతుంది. ఆరోగ్యశ్రీ నుంచి ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ దాకా ప్రభుత్వం డయాలసిస్ ఖర్చు భరిస్తోంది, డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను కూడా అందుతోంది. ఇది గొప్ప మేలు, కాదనేవాడు కృతఘ్నుడు. ఆ పింఛను ఇవ్వడంలోనే ప్రభుత్వం నా వాదన సగం ఒప్పుకుంది: చికిత్స ఉచితమైనంత మాత్రాన మనిషి యంత్రం దాకా రాలేడని. దారి ఖర్చు, తోడు మనిషి, పోయిన కూలి, ఇంటి అద్దె, మందులు అన్నీ ఆ పదివేలలోనే సర్దుకోవాలి. నెలాఖరున ఒక రోజు ఎగ్గొట్టిన మనిషిని అడగాల్సిన మొదటి ప్రశ్న ధైర్యం గురించి కాదు.

కేంద్రాలు తమ సౌకర్యం కోసం పెట్టుకున్న పద్ధతుల్ని మాత్రం ఎవరూ క్రమశిక్షణ లోపం అనరు. వారానికి మూడు డయాలసిస్‌లంటే ఒకచోట రెండు రోజుల ఎడం తప్పదు, ఎక్కువగా అది ఆదివారం సెలవు వల్లే వస్తుంది. అమెరికాలో 32,065 మంది రోగుల వివరాలు తీసి 2011లో అచ్చువేసిన అధ్యయనంలో ఆ పెద్ద ఎడం తర్వాతి రోజున మరణాల రేటు 22.1 ఉంటే, మిగతా రోజుల్లో 18 ఉంది. చెప్పిన మాట తుచ తప్పకుండా విన్నవాళ్లకూ ఈ ఎడం తప్పదు. రోగి ఒక రోజు మానితే అపరాధం, కేంద్రం ప్రతివారం ఒక రోజు మానితే కాలెండరు. ఈ తేడాను సమర్థించడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి ఇక్కడ గుర్తు చేయాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎందుకు వస్తోందో తేల్చడానికి ఏళ్ల తరబడి నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, ఎండలో పని గురించి ఆలోచించారు. మంచినీటి పథకం కట్టారు, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. అక్కడి జీడి రైతుని, కొబ్బరి కూలీని జబ్బు విషయంలో ఎవరూ నిందించలేదు, కారణాన్ని అతని బయట వెతికారు. అదే మనిషి డయాలసిస్ మొదలుపెట్టి రెండు రోజులు రాకపోతే కారణాన్ని అతని లోపల వెతుకుతున్నారు. జబ్బు ఎలా వచ్చిందన్నప్పుడు చూపిన శాస్త్రబుద్ధి, చికిత్స ఎందుకు తప్పిందన్నప్పుడు ఎక్కడికి పోతోంది?

మనసు సంగతి నేను తోసిపుచ్చుతున్నానని అనుకోవద్దు. మనసును సీరియస్‌గా తీసుకోనివాళ్లు నిజానికి నీతులు చెప్పేవాళ్లే. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కూర్చి 2013లో వేసిన లెక్క ప్రకారం డయాలసిస్ రోగుల్లో వైద్యులు ముఖాముఖి పరీక్షించి నిర్ధారించిన డిప్రెషన్ 22.8 శాతం మందిలో ఉంది, రోగులు నింపిన ప్రశ్నావళుల ప్రకారమైతే 39.3 శాతం. డిప్రెషన్ గుర్తులు ఏమిటి? ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం, నీరసం, దేనిమీదా మనసు లేకపోవడం. మూత్రపిండాలు పోయిన మనిషికి మలినాలు పేరుకున్నా ఇవే గుర్తులు. అందుకని సిబ్బంది వాటిని జబ్బు ఖాతాలో వేసి వదిలేస్తారు, ఇంటివాళ్లు సోమరితనం ఖాతాలో వేస్తారు. 1971లో హ్యారీ అబ్రామ్, ఆయన సహచరులు అమెరికా డయాలసిస్ కేంద్రాల్లో ఆత్మహత్యలను పరిశీలించినప్పుడు, ఆహార నియమం వదిలేసి, చికిత్స మానేసి చనిపోయినవారిని కూడా ఆ లెక్కతో కలిపి చూశారు. అందరి విషయంలో అలా కలపడం సరికాదని నా అభిప్రాయం, ఒక పండు తిన్నవాడు చావు కోరుకున్నాడనలేం. కానీ వాళ్లు ఒక నిజాన్ని ముట్టుకున్నారు: కొందరి విషయంలో నియమం తప్పడం బతుకు మీద విరక్తికి గుర్తు. ఆ మనిషికి "ధైర్యంగా ఉండు, పిల్లల మొహం చూడు" అని చెప్పడం కాలు విరిగినవాడిని నడవమనడంలాంటిది. చికిత్స చేస్తే ఫలితం ఉంది. న్యూయార్క్‌లో డేనియల్ క్యూకర్ బృందం 2014లో అచ్చువేసిన అధ్యయనంలో రోగులు యంత్రం మీద ఉన్న సమయంలోనే పక్కన కూర్చుని మూడు నెలలు ప్రవర్తన చికిత్స ఇచ్చారు. డిప్రెషన్ తగ్గింది, దాంతోపాటు రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగే బరువూ తగ్గింది. అధ్యయనం చిన్నదే, 59 మందితో చేసింది. అయినా అది చూపిన దారి స్పష్టం: నీళ్ల గురించి ఒక్క చీవాటూ పెట్టకుండా నీళ్లు తగ్గించవచ్చు.

రోగి గుణాన్ని తూచే అలవాటు డయాలసిస్‌తో పాటే పుట్టింది. బెల్డింగ్ స్క్రిబ్నర్ 1960లో అమెరికాలోని సియాటిల్‌లో రక్తనాళాల మధ్య గొట్టం అమర్చి, ఏళ్లతరబడి డయాలసిస్ చేయడం సాధ్యమని చూపించాడు. యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరికివ్వాలో తేల్చడానికి ఊరి పెద్దలతో ఒక సంఘం వేశారు. చర్చికి వెళతాడా, ఉద్యోగం ఉందా, పిల్లలెందరు, నడవడి ఎలాంటిది అని వాళ్లు చూశారు. 1962లో లైఫ్ పత్రిక దీన్ని బయటపెట్టినప్పుడు దేశం తలదించుకుంది, పదేళ్లకు అమెరికా ప్రభుత్వం దాదాపు అందరికీ డయాలసిస్ ఖర్చు భరిస్తూ చట్టం చేసింది. ఆ సంఘం రద్దయింది గానీ దాని చూపు రద్దు కాలేదు. మంచి రోగి, చెడ్డ రోగి అని వార్డులో విడదీసినప్పుడల్లా అదే సంఘం మళ్లీ కూర్చున్నట్టు.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటుంది. ఒకే కేంద్రం, ఒకే యంత్రం, ఒకే ఊరు, ఒకే పేదరికం. అయినా ఒకరు నియమంగా ఉంటారు, ఇంకొకరు ఉండరు. మరి తేడా మనసులో కాక ఎక్కడుంది? ఒకే కేంద్రమైనంత మాత్రాన పరిస్థితి ఒకటి కాదని నా జవాబు. ఒకరికి ఇంకా రోజుకు అరలీటరు మూత్రం వస్తుంది, ఇంకొకరికి చుక్క రాదు. ఒకరి ఇల్లు నడిచే దూరంలో ఉంది, ఇంకొకరు తెల్లవారుజామున మొదటి బస్సు పట్టుకోవాలి. ఒకరికి చక్కెర ఉంది, ఇంకొకరికి లేదు. ఒకరికి అరవై దాటి బాధ్యతలు తీరాయి, ఇంకొకరికి ముప్పై ఏళ్లు, పెళ్లి కావలసిన చెల్లెలు. ఇవన్నీ తీసేశాక మిగిలే తేడాలో మనస్తత్వానికీ భాగం ఉంటుంది, ఉండదని నేననను. కానీ మనవాళ్లు ఇవేవీ తీసివేయకుండానే మొత్తం తేడాను మనస్తత్వం కింద రాసేస్తారు. లెక్క తప్పేది అక్కడ.

నింద లేకపోతే రోగులు విచ్చలవిడిగా ఉంటారు, భయం ఉంటేనే దారిలో ఉంటారని ఇంకొందరంటారు. భయం నేర్పేది దాచడమే. తిట్లు తప్పవని తెలిసిన మనిషి బరువు చూసే రోజు ముందుపూట అన్నం మానేస్తాడు, పచ్చడి తిన్నానని చెప్పడు, రెండుసార్లు రాకపోతే మూడోసారి మొహం చెల్లక అసలే రాడు. బాధ్యత వేరు, నింద వేరు. రక్తపరీక్ష చీటీలో పొటాషియం ఎంతుందో, ఏ కూర వల్ల పెరిగిందో రోగికి అతని మాటల్లో విడమరిచి చెప్పి, వచ్చే వారం ఏం మార్చగలవని అడిగితే అది బాధ్యత అప్పగించడం. అంత సిబ్బంది ఎక్కడున్నారు, అంత తీరిక ఎక్కడిదని అడిగేవారికి చెప్పేది ఒకటే. రోగి మన ముందు నాలుగు గంటలు కదలకుండా ఉంటాడు, వారానికి రెండు మూడుసార్లు ఉంటాడు. వైద్యంలో ఇంకే జబ్బుకూ ఇంత సమయం చేతిలో ఉండదు. దాన్ని టీవీకి వదిలేసి తీరిక లేదనడం సబబు కాదు.

పేరాలకు ఈ విషయంలో చెప్పదగిన చరిత్ర ఉంది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట నడిచి చీరాల పేరాల జనం మునిసిపాలిటీ పన్ను కట్టబోమని ఇళ్లూ వాకిళ్లూ వదిలి రామనగర్‌కు తరలిపోయారు. ఆనాటి ప్రభుత్వం దృష్టిలో అది అవిధేయత. జనం దృష్టిలో ఆ పన్ను వాళ్ల వల్లకాని బరువు. ఇంతమంది ఒక ఆజ్ఞను పాటించలేకపోతే జనాన్ని కాదు, ఆజ్ఞను పరిశీలించాలని ఆ ఉద్యమం నేర్పింది. దీర్ఘవ్యాధుల చికిత్స గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెప్పిందీ దాదాపు అదే: పాటించకపోవడానికి రోగి ఒక కారణం మాత్రమే, డబ్బు, వైద్య వ్యవస్థ, జబ్బు తీరు, మందుల తీరు మిగతా కారణాలు, నింద వల్ల ఒరిగేది లేదు.

డయాలసిస్ కేంద్రాలు నడిపేవారికి నా విన్నపం. రావాల్సిన మనిషి రాక మంచం ఖాళీగా ఉన్న రోజు, సాయంత్రంలోగా ఆ ఇంటికి ఒక ఫోను చేయించండి. బండి దొరకలేదా, కూలి పోతుందనా, తోడు మనిషి లేరా, ఒంట్లో బాగోలేదా, బతకాలని లేదా అని అడిగించండి. చెప్పిన కారణం చెప్పినట్టు రిజిస్టరులో రాయించండి. మూడు నెలల రిజిస్టరు పట్టుకుని జిల్లా వైద్యాధికారుల దగ్గరికి వెళ్లండి.